కణమునకు పస్తు, బిడ్డకు అన్నము

కాన్సరు వ్యాధి చరిత్రను సామాన్య పాఠకునికి తెలియజెప్పిన ఆంగ్ల గ్రంథములలో డాక్టరు సిద్ధార్థ ముఖర్జీ రచించిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ ఎన్నదగినది. ఇది 2010లో వెలువడినది. 2011లో దీనికి పులిట్జరు బహుమానము లభించినది. గ్రంథకర్త ఢిల్లీలో పుట్టి అమెరికాలో కాన్సరు వైద్యుడైనవాడు. ప్రాచీన ఈజిప్టు వైద్యుల కాలము మొదలుకొని నేటి జన్యుశాస్త్రము వరకు ఈ వ్యాధి నడచిన దారిని ఒక మనిషి జీవితచరిత్ర వలె వ్రాసినాడు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఆంగ్లము చదువగలిగినచో ఈ గ్రంథము చదువవలసినదే.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల పాఠకులకు దీనితో మరియొక బంధుత్వము కూడ కలదు. ఇందు చెప్పబడిన మొదటి గొప్ప విజయమునకు కారకులైనవారిలో ఒకడు కొల్లేటికి సమీపమున ఉన్న భీమవరములో 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. పిల్లల రక్తకాన్సరును, అనగా లుకేమియాను, తాత్కాలికముగానైనను లొంగదీసిన తొలి ఔషధము ఆయన నడిపిన పరిశోధనశాల నుండి వచ్చినది. ఆ ఔషధము పుట్టుక ఒక ఆహారపు కథ. గ్రంథములోని గొప్పతనము, లోపము కూడ ఆ కథ చెప్పిన తీరులోనే ఉన్నవి.

ముందుగా కథ ఏమనగా: 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భవతులకు వచ్చుచున్న ఒక విధమైన రక్తహీనతను పరిశీలించినది. ఈస్టు నుండి తీసిన ‘మార్మైట్’ అను చౌక పదార్థము తినిపించగా వారికి రక్తము పట్టినది. ఆ సంగతి 1931లో ప్రకటితమైనది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి ఒక విటమినును వేరుచేసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. లాటిను భాషలో ‘ఫోలియం’ అనగా ఆకు. బొంబాయి స్త్రీలకు రక్తము పట్టించినది ఈ విటమినే అని తరువాత తేలినది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరిన సుబ్బారావు ఆధ్వర్యమున శాస్త్రజ్ఞుల బృందము 1945 నాటికి దీనిని ప్రయోగశాలలో తయారుచేయగలిగినది.

బోస్టను పిల్లల ఆస్పత్రిలోని సిడ్నీ ఫార్బరు అను శాస్త్రజ్ఞుడు, రక్తహీనతకు పనిచేసిన విటమిను లుకేమియాకు కూడ పనిచేయునేమో అని ఆశించినాడు. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థములను జబ్బుపడిన పిల్లలకు ఇచ్చి చూచినాడు. ఫలితము తలక్రిందులైనది. కొందరు పిల్లలలో వ్యాధికణములు మరింత వేగముగా పెరిగినట్లు కనబడినవి. ఫార్బరు అక్కడ ఆగిపోలేదు. విటమిను పెరుగుదలకు తోడ్పడినచో, విటమినునకు అడ్డుపడు పదార్థము పెరుగుదలను ఆపవలెను గదా అని ఆలోచించినాడు. అట్టి పదార్థములు సుబ్బారావు బృందము చేతిలో ఉన్నవి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1947 డిసెంబరులో ఒక రెండేండ్ల బాలునికి ఇచ్చినారు. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలము గుణము కనిపించినదని ఫార్బరు తెలిపినాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించినాడు.

ఈ ఘట్టమును ముఖర్జీ వ్రాసిన తీరు ప్రశంసనీయము. ఒక ఊహ తప్పిపోయి, ఆ తప్పులో నుండి సరియైన ఊహ పుట్టుట విద్యార్థికి ఇంత స్పష్టముగా చూపిన రచనలు తక్కువ. సుబ్బారావునకు హార్వర్డులో దక్కవలసిన స్థానము దక్కలేదన్న సంగతిని కూడ గ్రంథకర్త దాచలేదు.

లోపము ఆ తరువాతి అడుగులో ఉన్నది. ఔషధము పనిచేసిన ఆ బాలుడు లేచి నడచినాడనియు, అతనికి విపరీతమైన ఆకలి పుట్టినదనియు గ్రంథకర్త చెప్పినాడు. ఆకలి మాట ఒక వాక్యముతో ముగిసినది. ఆ పిల్లవాడు ఏమి తిన్నాడు, అంతకు ముందు ఎందుకు తినలేకపోయినాడు, మందు మరల నోటిని ఏమి చేయును, తల్లి ఏమి పెట్టవలెను అను ప్రశ్నలకు అక్కడ తావు దొరకలేదు. శస్త్రచికిత్సకు, కిరణచికిత్సకు, ధూమపానమునకు, జన్యువులకు, చందాలు పోగుచేసిన ప్రచారములకు సైతము ఎన్నో పుటలు కేటాయించిన ఈ మహాగ్రంథములో, చికిత్స పొందుచున్న బిడ్డ అన్నమునకు ప్రత్యేకముగా ఒక్క అధ్యాయము కూడ లేదు.

ఇది కేవలము పుటల లెక్క అయినచో విమర్శించ పనిలేదు. ఒక గ్రంథములో అన్నియు ఉండవలెననుట న్యాయము కాదు. కాని ఫోలిక్ ఆమ్లపు కథను ఈ ముక్క లేకుండ చెప్పినచో పాఠకుడు తప్పుపాఠము నేర్చుకొను ప్రమాదము ఉన్నది. ‘విటమిను ఇచ్చిన వ్యాధి పెరిగినది; విటమినును ఆపిన వ్యాధి తగ్గినది’ అని విన్న సామాన్యుడు, ‘అయినచో బిడ్డకు తిండి తగ్గించిన వ్యాధి మాడిపోవును’ అని అనుకొనుట సహజము. ‘లంఖణం పరమౌషధం’ అను సామెత ఇంటింట వినబడు చోట ఈ ఊహకు వేరే ప్రచారము అక్కరలేదు. ఆకుకూర మానిపింతురు, తీపి మానిపింతురు. నీచు తగలరాదని చేప, గ్రుడ్డు మానిపింతురు. చివరకు గంజియు చారన్నమును మిగులును. కణమును మాడ్చుట వేరు, బిడ్డను మాడ్చుట వేరు అను భేదమును గ్రంథకర్త విడమరచి చెప్పవలసి ఉండెను.

ఆ భేదమేమో రసాయనశాస్త్రమే చెప్పును. కణము రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు కావలసిన ఒక అక్షరము తయారగుటకు ఫోలేటు సాయము కావలెను. ఫోలేటు పనిచేయు రూపమునకు మారుటకు కణములో ఒక ఎంజైము ఉన్నది. అమినోప్టెరిన్, దాని వెనుక వచ్చిన మెథోట్రెక్సేట్ అను మందులు చూచుటకు ఫోలిక్ ఆమ్లము వలెనే ఉండును. తాళములో దూరి తిరుగక ఇరుకుకొన్న తాళపుచెవి వలె అవి ఆ ఎంజైములో ఇరుకుకొని దాని పని ఆపును. చుట్టును ఫోలేటు ఉన్నను కణము దానిని వినియోగించుకొనలేదు. ఈ పని కణము లోపల, ఎంజైము వద్ద జరుగునది. ఏ పథ్యమును ఈ పని చేయలేదు. కాలేయములో కొన్ని నెలలకు సరిపడు ఫోలేటు నిలువ ఉండును గనుక, వారము దినములు గోంగూర, తోటకూర మానినంత మాత్రమున లుకేమియా కణమునకు పస్తు పడదు.

ఇచ్చట పరిమాణములు కూడ గమనింపదగినవి. నూరు గ్రాముల పచ్చి పాలకూరలో ఉండు ఫోలేటు సుమారు 150 నుండి 200 మైక్రోగ్రాములు. వండునపుడు అందులో కొంత పోవును. మందుల షాపులో దొరకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్రలో 5,000 మైక్రోగ్రాములు ఉండును. కనుక మెథోట్రెక్సేట్ వాడుచున్న పిల్లలకు వైద్యుడు చెప్పకుండ బలమునకని ఇట్టి మాత్రలు, టానిక్కులు ఇవ్వరాదనుటలో అర్థము ఉన్నది. పళ్లెములోని పప్పుకూరను చూచి భయపడుటలో అర్థము లేదు. మాత్రకు చెప్పిన నిషేధమును కూరకు అంటగట్టుట శాస్త్రము కాదు.

తీపి విషయము కూడ ఇట్టిదే. కాన్సరు కణములు గ్లూకోజును ఎక్కువగా వినియోగించుకొనునన్న మాట నిజమే. దానినిబట్టి బిడ్డకు పిండిపదార్థములు మానిపించినచో ఏమగును? మెదడు మొదలైన అవయవములకు గ్లూకోజు తప్పనిసరి గనుక శరీరము రక్తములో దాని మట్టము పడిపోనీయదు. కాలేయము కండలలోని మాంసకృత్తులను కరగించి గ్లూకోజు తయారుచేయును. వ్యాధికణమునకు అందవలసినది అందుచునే ఉండును. కరగునది బిడ్డ కండ.

మరి బిడ్డ ఎందుకు తినలేడు? ఈ ప్రశ్నకు సమాధానము కూడ ఆ ఎంజైము కథలోనే ఉన్నది. మెథోట్రెక్సేట్ వ్యాధికణమును, మంచికణమును పూర్తిగా వేరుచేసి గుర్తింపజాలదు. వేగముగా చీలు కణములన్నిటిని పట్టుకొనును. శరీరములో అట్లు చీలు మంచికణములు మూలుగలో, వెంట్రుకల కుదుళ్లలో, నోటి లోపలి పొరలో, ప్రేవుల గోడలో ఉన్నవి. అందుచేతనే నోరు పూయును, మ్రింగుట కష్టమగును, విరేచనములగును. ఏ రసాయన చర్య వ్యాధిని అణచుచున్నదో అదే అన్నమునకు అడ్డుపడుచున్నది. తిండి సమస్య వంటింటికి సంబంధించిన చిన్న సంగతి కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

తక్కిన మందుల తీరు వేరు వేరు. బిళ్ళగన్నేరు మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టిన్ నరములమీద పనిచేసి మలబద్ధకము, దవడ నొప్పి తెప్పించును. (పెరటి బిళ్ళగన్నేరు విషము, దానిని కషాయము కాచి త్రాగించుట ప్రాణాపాయము.) ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు దీనికి భిన్నముగా తీరని ఆకలి పుట్టించును. అర్ధరాత్రి లేచి అన్నమడుగు బిడ్డను చూచి పెద్దలు బాగైపోయినాడని సంతోషింతురు. ముఖము నిండుగా కనబడును. లోపల కండ మాత్రము తరుగుచుండును. ఆ దినములలో ఉప్పుచేప, ఊరగాయలు తగ్గించి మాంసకృత్తులు ఎక్కువగా పెట్టవలెను. ఆస్పరజినేస్ అను మందు కొందరిలో క్లోమమును వాపుకు గురిచేయును. అట్టి వారికి క్రొవ్వు పదార్థములు కొంతకాలము ఆపవలసి వచ్చును. కాబట్టి ‘కాన్సరు పథ్యము’ అను ఒకే జాబితా ఎక్కడను ఉండదు. ఏ వారములో ఏ మందు నడచుచున్నదో దానినిబట్టి పళ్లెము మారవలెను. ఆ మార్పు చెప్పవలసినవారు చికిత్స చేయు వైద్యులును, ఆహార నిపుణులును.

బిడ్డ పోషణను కొలుచుటకు తూకమొక్కటే చాలదు. కడుపులో గడ్డ ఉన్నను, నీరు చేరినను బరువు ఎక్కువగా చూపును. అందుచేత మోచేతికి, భుజమునకు నడుమ చేతి చుట్టుకొలత టేపుతో తీయుదురు. అక్కడ తరిగినది కండయో క్రొవ్వో అయి ఉండును. మధ్య అమెరికా దేశముల పిల్లలను ఇట్టి కొలతలతో పరీక్షించి 2012లో ప్రకటించిన పరిశీలనలో, వ్యాధి బయటపడునాటికే పోషణ బాగుగా తగ్గి ఉన్న పిల్లలలో చికిత్స మధ్యలో మానివేయుట, వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువగా కనిపించినవి. పోషణ లేని శరీరము మందును తట్టుకొనలేదు. తట్టుకొనలేనపుడు మోతాదు తగ్గింపవలసి వచ్చును, లేక వాయిదా వేయవలసి వచ్చును. ఆ సందులో వ్యాధి మరల తల ఎత్తును. అన్నము ఇచ్చట మందునకు ప్రత్యామ్నాయము కాదు. మందు పనిచేయుటకు కావలసిన ఆధారము.

తెల్లకణములు తగ్గిన దినములలో అంటురోగముల భయము వాస్తవమైనదే. ఆ భయముతో పండ్లు, పచ్చి కాయగూరలు మొదలైన వాటిని పూర్తిగా నిషేధించు పద్ధతి చాలాకాలము నడచినది. అమెరికాలో 150 మంది పిల్లలపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, శుభ్రత నియమములు మాత్రమే పాటించిన పిల్లలకును, వాటితోపాటు ఆ కఠిన పథ్యము కూడ పాటించిన పిల్లలకును అంటురోగములు దాదాపు సమానముగా వచ్చినవి. శుభ్రత వలన మేలు కలుగును. నిషేధముల జాబితా దానికి అదనపు మేలు చేర్చలేదు.

ఈ మాటను కొల్లేటి ప్రాంతమునకు అన్వయించునపుడు నీటితో మొదలుపెట్టవలెను. ఎగువ పట్టణముల మురుగు, చేలలోని ఎరువులు, పురుగుమందుల అవశేషములు బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులద్వారాను, కాలువలద్వారాను కొల్లేరు చేరును. ఇట్టి చోట చికిత్సలో ఉన్న బిడ్డకు రక్షిత మంచినీరు తెచ్చి, దానిని కూడ కాచి చల్లార్చి ఇవ్వవలెను. చెరువు నీటితో కడిగిన గిన్నె, బజారులో కోసి ఉంచిన పండ్లు, పుల్ల ఐసు, నిన్నటి కూర అపాయకరములు. ఇంట అప్పుడే వండిన పదార్థమును అట్లు భయపడి మానిపించుట తగదు.

ఈ ప్రాంతమునకు లేనిది ఆహారము కాదు. కొల్లేటి చుట్టును ఉన్న చేపల చెరువుల బొచ్చె, శీలావతి చేపలు దూర రాష్ట్రములకు లారీలలో పోవుచున్నవి. నూరు గ్రాముల చేపలో 16 నుండి 20 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉండును. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు. గంజిలో ఉండునది చాలవరకు పిండిపదార్థమే. నోరు పూసిన బిడ్డకు కారము, పులుపు లేకుండ బాగుగా ఉడికించి ముల్లు తీసి మెత్తగా చేసిన చేప, పూర్తిగా ఉడికిన గ్రుడ్డు, పెసరపప్పు కలిపి వండిన మెత్తని అన్నము, ఇడ్లీ, తొక్క ఒలిచిన అరటిపండు కొంచెము కొంచెముగా రోజుకు ఆరేడుసార్లు పెట్టవచ్చును. శాకాహారులకు పప్పు, పాలు, వేరుసెనగ ఉన్నవి. మందు నోటికి లోహపు రుచి తెచ్చినపుడు చల్లని పదార్థము వేడిదానికంటె సులభముగా దిగును. ఇవన్నియు ఆ దినమున బిడ్డ స్థితినిబట్టి ఆస్పత్రివారి అనుమతికి లోబడినవే.

సుబ్బారావు జీవితములో ఒక సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది. ఆయన యౌవనములో అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అను గ్రహణి రోగముతో కొద్ది దినముల తేడాలో మరణించినారు. ఆయనకు కూడ ఆ రోగము వచ్చి ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో తగ్గినది. స్ప్రూ రోగములో ప్రేవుల గోడ చెడి తిన్నది ఒంటికి పట్టదు. ఫోలేటు కూడ పట్టక రక్తహీనత కలుగును. 1940 తరువాతి సంవత్సరములలో ఆ రోగమునకు ఫోలిక్ ఆమ్లము అద్భుతముగా పనిచేసినది. ఒక చేత ఆ విటమినును, మరియొక చేత దానికి అడ్డుపడు మందును లోకమునకు అందించిన బృందమునకు ఆయన నాయకుడు. తిన్నది పట్టక తోబుట్టువులు పోయిన ఇంటివాని పరిశోధనను ‘తిండి మానిపించుట మంచిది’ అను బోధకు సాక్ష్యముగా చూపుట ఎంత అన్యాయమో పాఠకులే గ్రహింపగలరు.

ముఖర్జీ యెడల న్యాయముగా చెప్పవలసిన మాట కూడ ఉన్నది. ఆయన వ్రాసినది వ్యాధి జీవితచరిత్ర. వైద్యశాల వంటపుస్తకము కాదు. యుద్ధ పరిభాషను విస్తారముగా వాడినను దాని పరిమితులు ఆయనకు తెలియును. కాని చరిత్రకారునిగా చూచినను ఈ లోపము లోపమే. ఫార్బరు తన సంస్థలో రోగికిని, కుటుంబమునకును కావలసిన సేవలన్నియు ఒకే చోట ఉండవలెనని పట్టుబట్టినాడు. పోషణ సలహా ఆ సేవలలో ఒకటి. మందు కనిపెట్టిన ఘట్టమునకు ఇచ్చిన వెలుగులో కొంత ఈ రెండవ ఘట్టమునకు ఇచ్చి ఉన్నచో, విజయము సీసాలో నుండి మాత్రమే రాలేదని పాఠకునికి తెలిసెడిది. నేడు సంపన్న దేశములలో పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా నూటికి 90 మంది వరకు నయమగుచున్నది. ఇతర దేశములలో సైతము పిల్లల కాన్సరులలో నూటికి 60 మందినైనను 2030 నాటికి బ్రతికించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యము పెట్టుకొన్నది. ఈ రెండు అంకెల నడుమ ఉన్న దూరములో మందుల కొరత, ఆలస్యపు గుర్తింపులతోపాటు ఖాళీ పళ్లెము కూడ ఉన్నది.

ఉపాధ్యాయునికి ఇందు పని కలదు. ఈ జబ్బుకు చికిత్స రెండు మూడేండ్లు సాగును. మొదటి నెలలు విజయవాడలోనో విశాఖపట్టణములోనో హైదరాబాదులోనో గడచిన తరువాత బిడ్డ ఇంటికి వచ్చి, మాత్రలు మ్రింగుచునే బడికి పోవును. వారమునకొకసారి మ్రింగు ఆ మాత్ర సాధారణముగా మెథోట్రెక్సేట్. భీమవరములో పుట్టినవాని కృషికి వారసత్వము. ఆ పిల్లవానికి చేతులు కడుగుకొనుటకు సబ్బు, కాచిన నీరు, మధ్యాహ్న భోజనములో వేడి అన్నము, ఉడికిన గ్రుడ్డు తినుటకు కొంచెము ఎక్కువ వ్యవధి, మధ్యలో ఏదైన తినుటకు అనుమతి కావలెను. తోటిపిల్లలకు ఇది అంటువ్యాధి కాదని చెప్పువాడు కావలెను.

‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ పాఠశాల గ్రంథాలయములో ఉండదగిన గ్రంథము. ఫోలిక్ ఆమ్లపు ఘట్టమును తరగతిలో చెప్పునపుడు మాత్రము ఉపాధ్యాయుడు నల్లబల్లమీద రెండు బొమ్మలు వేయవలెను. ఒకటి ఎంజైములో ఇరుకుకొన్న మందు. రెండవది అన్నము, పప్పు, గ్రుడ్డు ఉన్న పళ్లెము. మొదటి బొమ్మను ముఖర్జీ అందముగా గీసియిచ్చినాడు. రెండవ దానిని ఉపాధ్యాయుడే గీసికొనవలెను.